పదకొండేళ్ల కాపురం, ఒక గేర్‌బాక్స్

కారు నా చేతికి వచ్చేనాటికే దానికి ఇరవై ఏళ్లు. రెండు సీట్లు, వెనక చక్రాల డ్రైవ్, ఐదు గేర్ల మాన్యువల్. ఇప్పటికి పదకొండేళ్లు నడిపాను. ఇంజన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, దాని పని అది చేసుకుపోతోంది. నన్ను ఏడిపించిందీ, నాకు నాలుగు ముక్కలు నేర్పిందీ గేర్‌బాక్సే. అందుకే ఈ సమీక్ష అంతా దాని గురించే.

ముందు మంచి చెప్పాలి. గేర్ రాడ్ పొట్టిది, మణికట్టు కదిపితే చాలు. బాక్స్ వేడెక్కాక రెండు నుంచి మూడుకి వేస్తే గడియ పడ్డట్టు చిన్న 'టక్' అరచేతికి తెలుస్తుంది. ఇన్నాళ్లూ దీన్ని భరించింది ఆ 'టక్' కోసమే.

మూడో ఏడాది మొదటి గొడవ. పొద్దున్నే బండి తీస్తే రివర్స్ 'కర్‌ర్' మని అరిచేది, ఫస్ట్ మొండికేసేది. మెకానిక్ ఓ రౌండు తిప్పి వచ్చి, "బాక్స్ పోయింది సార్, దించాల్సిందే" అనేశాడు. దించడమంటే మాటలా? వెనక చక్రాల వైపు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊడదీయాలి, సైలెన్సర్ గొట్టం తప్పించాలి. ఒక రోజు ఆగమన్నాను.

ఇంటికొచ్చి, ఇంజన్ ఆపేసి గేర్లన్నీ వేసి చూశాను. మెత్తగా పడ్డాయి. స్టార్ట్ చేస్తే మళ్లీ అన్నీ మొరాయింపే. ఒక గేరు మొరాయిస్తే ఆ గేరును అనుమానించాలి గానీ, అన్నీ ఒక్కసారే మొరాయిస్తే ముందు క్లచ్ సంగతి చూడాలి. క్లచ్ అడుగంటా తొక్కి ఐదారు సెకన్లు ఆగి రివర్స్ వేశాను. క్లచ్ ఇంజన్‌ని సరిగ్గా విడదీస్తే ఈలోపు గేర్‌బాక్స్ లోపలి షాఫ్ట్ ఆగిపోతుంది, సింక్రో (గేరు పడేముందు వేగాలు కలిపే ఏర్పాటు) లేని రివర్స్ కూడా చప్పుడు లేకుండా పడుతుంది. పడలేదు. పెడల్‌ని నాలుగైదు సార్లు గబగబా కొట్టి వేస్తే మాత్రం పడింది. క్లచ్ ఫ్లూయిడ్ గొట్టంలో గాలి చేరిందన్నమాట. కారు కిందికి దూరి, ఆ ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ని కదిపే స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు పక్కకి లాగానో లేదో, నల్లటి ఫ్లూయిడ్ మోచేతి దాకా కారింది. సిలిండర్ మార్చి గాలి తీశాను. అంతే, గేర్‌బాక్స్ మీద ఒక్క బోల్టు కూడా విప్పలేదు.

ఏడో ఏడాది వచ్చింది మాత్రం నిజమైన జబ్బు. రెండో గేరు ఒక్కటే. చల్లగా ఉన్నప్పుడు మూడు నుంచి రెండుకి దించితే కర్‌ర్. వేశాక కూడా, యాక్సిలరేటర్ వదిలితే జారి న్యూట్రల్‌కి వచ్చేసేది. డబుల్ క్లచ్ చేస్తే, అంటే న్యూట్రల్‌లో క్లచ్ వదిలి, కాస్త రేజ్ చేసి, మళ్లీ తొక్కి వేస్తే, మాట్లాడకుండా పడేది. వేగాలు నేను కలిపితే పడుతోందంటే, కలపాల్సిన సింక్రో రింగు అరిగిపోయిందనే. 1928లో కాడిలాక్ సింక్రోమెష్ తెచ్చేదాకా డ్రైవర్లు చేసింది ఈ పనే. కొన్ని నెలలు నేనూ ఆ కాలంలోనే బతికాను. సరదాగానే ఉంటుంది, ట్రాఫిక్ లేనంతవరకూ.

అన్నిటికంటే ఎక్కువ చెప్పింది ఆయిల్. తీసేముందు ఒక మాట: ముందు పైన ఉన్న, ఆయిల్ పోసే ప్లగ్గు విప్పండి. అది తుప్పుపట్టి కదలకపోతే, కింది ప్లగ్గు విప్పి ఆయిల్ అంతా వదిలేశాక మీ కారు అక్కడే కూర్చుంటుంది. నేను పైది విప్పడానికే ఒక మధ్యాహ్నం పోయింది. కింది ప్లగ్గు కొసన ఉన్న అయస్కాంతానికి బూడిద రంగు పేస్టు అంటుకుని ఉంది. అది మామూలే. ఆ పేస్టు వేళ్ల మధ్య నలిపితే గోరులో సగం కూడా లేని ఉక్కు ముక్క గుచ్చుకుంది. అది మామూలు కాదు. గేరును పట్టి ఉంచే పళ్ల కొస విరిగింది, జారిపోవడానికి కారణం అదే. పళ్లెంలో ఆయిల్‌ని ఎండకి పెడితే బంగారు పొడి కలిపినట్టు మెరిసింది. అది సింక్రో రింగు ఇత్తడి.

అందులో నా పాపం ఉంది. కారుతో వచ్చిన పుస్తకంలో గేర్ ఆయిల్ చిక్కదనం 75డబ్ల్యూ-90, రకం జీఎల్-4 అని రాసి ఉంటే, అంకె పెద్దదైతే మేలనుకుని అంతకు రెండేళ్ల ముందు జీఎల్-5 పోశాను. వెనక చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్‌లో, ఒకదాని మీద ఒకటి గట్టిగా రాసుకుంటూ తిరిగే హైపాయిడ్ గేర్లకి అది మంచిదే. కానీ అందులో ఎక్కువగా కలిపే గంధకం, భాస్వరం రసాయనాలు ఇత్తడికి పడకపోవచ్చు. పైగా సింక్రో రింగుకి కాస్త రాపిడి ఉంటేనే పట్టు, ఆయిల్ జారుడు ఎక్కువైతే అది దొరకదు. గేర్ రాడ్ మీద చెయ్యి వేసి నడపడం ఇంకో చెడ్డ అలవాటు, ఆ బరువు తిన్నగా లోపల గేర్లు మార్చే ఫోర్కు మీద పడుతుంది.

ఈసారి దించక తప్పలేదు. రెండో గేరు సింక్రో రింగును, అది పట్టుకునే గేరు కోన్ మీద నొక్కి చూస్తే, రింగుకీ గేరుకీ మధ్యన ఉండాల్సిన సందులో, సందులు కొలిచే ఫీలర్ గేజ్‌లోని సన్నటి రేకు కూడా దూరలేదు. రింగు, దాని మీదుగా జరిగి గేరును పట్టే స్లీవ్, ఆ గేరు మార్పించాను. ఎలాగూ దించాం కదా అని ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ కూడా. ఏడాదిగా న్యూట్రల్‌లో గరగరమంటూ, క్లచ్ తొక్కగానే నోరు మూసుకునేది. తొక్కినప్పుడు మాత్రమే అరిస్తే అది క్లచ్‌ని నొక్కే రిలీజ్ బేరింగ్ అయ్యుండేది.

కొనమంటానా? కారు కింద పడుకోవడం ఇష్టం లేనివాళ్లకి వద్దు. రోజూ ఆఫీసుకి ఇదొక్కటే కారైతే అసలే వద్దు. మిగతావాళ్లు చూడటానికి వెళ్లినప్పుడు ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయమని అడగండి. వేడెక్కించి ఉంచితే సగం రోగాలు దాక్కుంటాయి.

జీఎల్-4 పోశాక నాలుగేళ్లుగా రెండో గేరు నోరెత్తలేదు. పోయిన నెల నుంచి ఐదో గేరులో సన్నగా ఈల. పైప్లగ్గు ఈసారి సులువుగానే వచ్చింది. కిందిది రేపు విప్పాలి.