పాత బుల్లెట్‌కి స్ప్రే డబ్బాలు: మామూలు అక్రిలిక్ ఎంతవరకు, 2కే క్లియర్ ఎక్కడ

హార్డ్‌వేర్ కొట్లో దొరికే 400 మి.లీ. అక్రిలిక్ స్ప్రే డబ్బాలో హార్డెనర్, అంటే పూతని రసాయనికంగా గట్టిపరిచే ద్రవం, ఉండదు. దాన్నే 1కే అంటారు. 2కే క్లియర్ (రంగు పైన వేసే పారదర్శక పూత) డబ్బాలో హార్డెనర్ లోపల విడిగా ఉంటుంది. ఈ రకంలో బాగా పేరున్నది జర్మనీ స్ప్రేమ్యాక్స్. మూతలో ఉన్న ఎర్ర బటన్‌ని డబ్బా అడుగున పెట్టి గట్టిగా నొక్కితే లోపలి గది పగిలి హార్డెనర్ క్లియర్‌లో కలుస్తుంది. ధర మాత్రం మామూలు డబ్బాకి చాలా రెట్లు.

ఆ డబ్బు ట్యాంకు మీద పెట్టండి, మిగతా చోట్ల మిగుల్చుకోండి. టూల్ బాక్సులు, స్టాండు, చైన్ కేసు, హెడ్‌లైట్ చుట్టూ ఉండే క్యాస్కెట్, వీటికి మంచి 1కే హాయిగా సరిపోతుంది. ట్యాంకుకి అదొక్కటే వేస్తే మూత దగ్గర పెట్రోలు ఒలికిన మొదటి రోజే రంగు మెత్తబడి వేలికి అంటుతుంది. 1కే ద్రావకం ఆవిరైపోయి గట్టిపడుతుంది గానీ రసాయనికంగా ముడిపడదు. అందుకే ఎన్ని నెలలు ఆరినా మళ్లీ కరుగుతుంది. డబ్బా మీద ఏం రాసి ఉన్నా నమ్మక్కర్లేదు. ఓ రేకు ముక్కకి కొట్టి, వారం ఆరనిచ్చి, పెట్రోలులో తడిపిన గుడ్డ ఐదు నిమిషాలు ఉంచి చూడండి.

ఒక ట్యాంకుకి ప్రైమర్ (రంగుకి కింద వేసే పూత) డబ్బా ఒకటి, రంగు రెండు, 2కే క్లియర్ ఒకటి పడతాయి. రెండు టూల్ బాక్సులకి, క్యాస్కెట్‌కి కలిపి ప్రైమర్ ఒకటి, రంగు ఒకటి చాలు. బటన్ నొక్కాక 2కే డబ్బా 20 డిగ్రీల దగ్గర రెండు రోజులే పనిచేస్తుంది, మన ఎండల్లో ఇంకా తక్కువ. సగం మిగిలిందని దాచుకునేదేం ఉండదు. క్లియర్ వేయాల్సినవన్నీ ఆ పూటకే సిద్ధం చేసుకుని కూర్చోండి.

పాత రంగు తీసేటప్పుడు ఏ భాగం ఏ లోహమో చూసుకోండి. ట్యాంకు, టూల్ బాక్సు ఇనప రేకు, క్యాస్కెట్ అల్యూమినియం పోత. కాస్టిక్ సోడా ఇనుముని ఏమీ చేయదు, అల్యూమినియంని మాత్రం తినేస్తుంది. క్యాస్కెట్‌కి పెయింట్ రిమూవరే వాడాలి, ఆ తర్వాత ఎచ్ ప్రైమర్ (ఆమ్లంతో లోహాన్ని పట్టుకునే ప్రైమర్) పల్చగా ఒక్క కోటు. మామూలు ప్రైమర్ అల్యూమినియం మీద పెచ్చులుగా లేస్తుంది. సొట్టలకి మెటల్ పేస్ట్ పెట్టేది ఉంటే ఎచ్ ప్రైమర్ కంటే ముందే, ఒట్టి లోహం మీదే పెట్టాలి. ప్రైమర్‌లోని ఆమ్లం పేస్ట్‌ని సరిగా గట్టిపడనివ్వదు. పాత సింథటిక్ రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మీద నేరుగా అక్రిలిక్ కొడితే కింది పొర ఉబ్బి ముడతలు పడుతుంది. ముడత వచ్చాక దిద్దుబాటు లేదు, లోహం దాకా గీకి మొదటినుంచి రావాల్సిందే. డబ్బా మీద ఎనామెల్ అని ఉంటే దాని పైన 2కే క్లియర్‌కీ ఇదే గతి. కొనేటప్పుడు అక్రిలిక్ అన్న మాట వెతకండి.

లోహానికి 220 నంబరు ఎమరీ పేపర్, ప్రైమర్ ఆరాక 400, రంగుకి ముందు 800 నంబరు వాటర్ పేపర్. రుద్దిన ప్రతిసారీ గ్రీజు తీసే ద్రావకంతో తుడిచి, ఆ తర్వాత చేత్తో ముట్టుకోకండి. సిలికాన్ పాలిష్ ఆనవాలు ఏమాత్రం మిగిలినా రంగు అక్కడ నిలవక గుండ్రటి గుంటలు పడతాయి.

లోపల గోళీ శబ్దం మొదలయ్యాక కూడా డబ్బాని రెండు మూడు నిమిషాలు ఊపాలి. దూరం 20–25 సెం.మీ. భాగం అంచుకి బయటే నొక్కి, అవతలి అంచు దాటాక వదలాలి. రంగు మూడు పల్చటి కోట్లు, మధ్యలో 10–15 నిమిషాలు. మొదటి కోటుకే కింద ప్రైమర్ కనపడకూడదనుకుంటే కారుతుంది. చౌక డబ్బాల అసలు లోపం నాజిల్‌లో ఉంది: అంచున చుక్క పేరుకుని ఉన్నట్టుండి ఉమ్ముతుంది. ప్రతి కోటుకీ ముందు గుడ్డతో తుడుచుకోండి. మెటాలిక్ రంగులకి 1కే డబ్బా వద్దనే చెప్తాం, చారలు పడకుండా కొట్టడం చెయ్యి తిరిగినవాళ్లకే కష్టం. నలుపు అన్నిటికంటే తేలిక.

వాతావరణం మీద సగం పని ఆధారపడుతుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో కొడితే తుంపర భాగాన్ని చేరేలోపే ఆరిపోయి, ఉపరితలం గరుకుగా మిగులుతుంది. విశాఖ వానాకాలంలో సమస్య తిరగబడుతుంది: ద్రావకం ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి నలుపు రంగు తెల్లగా మసకబారుతుంది. పొడిగా ఉన్న రోజు, ఉదయం ఏడెనిమిది గంటలప్పుడు నీడలో కొట్టడం మేలు. కొట్టబోయే ముందు నేల తడిపితే దుమ్ము లేవదు.

ఆఖరి రంగు కోటు తర్వాత కనీసం గంట ఆగి క్లియర్ వేయండి. తొందరపడితే కింద చిక్కుకున్న ద్రావకం సూది బెజ్జాలుగా బయటికొస్తుంది. ముందు ఒక పల్చటి కోటు, పది నిమిషాలాగి తడిగా మెరిసేటట్టు రెండోది. నారింజ తొక్కలా వస్తే బెంగ పడకండి, రెండు రోజులాగి 1500, 2000 పేపర్లతో నీళ్లు పోస్తూ రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్ పట్టిస్తే నునుపవుతుంది. అంచుల్లో మాత్రం పేపర్ వద్దు, క్లియర్ అక్కడ పల్చగా ఉంటుంది.

2కే హార్డెనర్‌లో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది, అది ఆస్తమా తెప్పించగలదు. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు దీనికి లెక్కలోకి రావు. ద్రావకాల ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, తుంపరని ఆపే ఫిల్టరు రెండూ ఉన్న మాస్కు, కళ్లద్దాలు, గ్లవ్స్ పెట్టుకుని ఆరుబయటే కొట్టాలి, అపార్ట్‌మెంట్ బాల్కనీలో వద్దు. ఆ జాగ్రత్తలు కుదరకపోతే రంగు వరకు ఇంట్లో వేసుకుని, క్లియర్‌కి ఆటోనగర్‌లో పెయింట్ బూత్ ఉన్న షెడ్డుకి ఇవ్వండి.

ట్యాంకు మీది బంగారు గీతలు ఈ డబ్బాలతో వచ్చేవి కావు. ఫ్యాక్టరీలోనే అవి కుంచెతో, చేత్తో గీసేవారు. క్లియర్ గట్టిపడ్డాక పైన ఎనామెల్‌తో గీయించుకోండి, క్లియర్ కింద గీయిస్తే ముడతలు పడొచ్చు.