బరువు పట్టాల్సిన బిడ్డకు డబ్బా పాలు: ఏళ్ల తరబడి వాడాక మా మాట

సరిగ్గా కలిపిన మొదటి దశ డబ్బా పాలలో 100 మి.లీ.కి సుమారు 67 కేలరీలు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డకు అవి చాలు. తీవ్ర పోషకాహార లోపం నుంచి తేరుకుంటున్న బిడ్డకు మాత్రం, ప్రాణాపాయం గడిచి ఆకలి పుట్టాక, కిలోకు రోజుకు 150 నుంచి 220 కేలరీలు పడాలి. 5 కిలోల బిడ్డకు కనీసం 750 అన్నమాట. డబ్బా పాలతో అన్ని రావాలంటే 1,100 మి.లీ. దాటి తాగించాలి. అంత పొట్ట ఎక్కడిది? ఎన్ఆర్‌సీల్లో (పోషకాహార పునరావాస కేంద్రాల్లో) పట్టే ఎఫ్-100 అనే చికిత్స పాలలో అయితే 100 మి.లీ.కి 100 కేలరీలు, కాబట్టి 750 మి.లీ.తో సరిపోతుంది. ప్రొటీను కూడా 100 మి.లీ.కి 2.9 గ్రాములు.

ఐరన్ సంగతి కూడా ఉంది. డబ్బా మీద దాన్ని గొప్పగా అచ్చేస్తారు. చికిత్స మొదట్లో పట్టే ఎఫ్-75లో, తర్వాత పట్టే ఎఫ్-100లో కావాలనే కలపరు, ఇన్ఫెక్షన్ సర్దుకోకముందే ఐరన్ పడితే అది ముదిరే ప్రమాదం ఉంది కాబట్టి. అందుకే ఆరు నెలలు దాటిన పిల్లల విషయంలో డబ్బాకు మేమిచ్చే మార్కులు తక్కువే.

ఆరు నెలల లోపు లెక్క వేరు. ముందు తల్లికి పాలు మళ్లీ పడేలా చూడాలి. అది కుదరనిచోట, డాక్టరు చెబితే, డబ్బా పాలు బాగానే పనికొస్తాయి. ఈ వయసులో ఎఫ్-100ను చిక్కగా అలాగే పట్టకూడదు, లేత మూత్రపిండాలు ఆ భారం మోయలేవు.

తేడా ఎక్కువగా వచ్చేది కలపడంలో. ముందు నీళ్లు కొలిచి, తర్వాత పొడి వేయాలి. చాలా రకాలకు 30 మి.లీ.కి ఒక చెంచా, అదీ ఆ డబ్బాలో వచ్చిన చెంచానే, అంచుకు సమంగా గీసి. కుప్పగా తీస్తే ఒంట్లో ఉప్పు పెరిగి బిడ్డ నీరసిస్తుంది. కానీ మన వైపు ఇళ్లలో జరిగేది చిక్కన కాదు, పలచన. డబ్బా ధర అలాంటిది మరి. 400 గ్రాముల డబ్బాతో సుమారు 3 లీటర్ల పాలొస్తాయి. 4 కిలోల బిడ్డకు కిలోకు 150 మి.లీ. చొప్పున రోజుకు 600, అంటే డబ్బా 5 రోజులు. పది రోజులొచ్చిందని తల్లి చెబితే సగానికి సగం నీళ్లే. బిడ్డ ఏడవదు, పొట్ట నిండుతుంది, కాటా మాత్రం కదలదు. అంగన్‌వాడీలో బరువు తూచేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగాలి.

నీళ్లు మరిగించి, అరగంటలోపే, వేడి తగ్గకముందే పొడి కలపాలి. తర్వాత చల్లార్చి ఉగ్గుగిన్నెతో పట్టాలి. సీసా వద్దు, దాని పీక కడగడం ఎవరి తరమూ కాదు. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు అంతసేపు కూడా ఉంచొద్దు. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లతో ఇంకో చిక్కు: కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. అక్కడ ప్లాంటు క్యాను నీళ్లే వాడాలి, అవి కూడా మరిగించాకే.