శనివారం రాత్రి 8:41కి ఆగిపోయే సర్వర్

మూడేళ్ళుగా మా ఇంట్లో ఒక మీడియా సర్వర్ నడుస్తోంది. ఆఫీసులో వాడి తీసేసిన చిన్న పీసీ, దానికో 4 టీబీ డిస్కు, డెబియన్ (లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) మీద జెల్లీఫిన్, అంటే మన దగ్గరున్న సినిమాలు, పాటలు టీవీకి పంపే ప్రోగ్రామ్. కరెంటు పోయినా ఆగకూడదని ఒక సెకండ్‌హ్యాండ్ యూపీఎస్. అన్నీ ఇక్కడ బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో కొన్నవే. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. నేను రాయాలనుకున్నది ఆ యూపీఎస్ ముందు భాగంలో వెలిగే పచ్చలైటు గురించి. దాన్ని నమ్మి రెండు నెలలకు పైగా తప్పుదారిలో తిరిగాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఈ సర్వర్ మాకెందుకంత ముఖ్యమో చెప్పాలి. నాన్న మదనపల్లె దగ్గర మా ఊళ్ళో పౌరాణిక నాటకాలు వేసేవారు. ఆయన పాడిన పద్యాలు పాత క్యాసెట్లలో ఉంటే, ఒక్కొక్కటే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మా పెళ్ళి వీడియో, అమ్మకు ఇష్టమైన పాత సినిమాల డీవీడీలు కూడా అందులోనే ఉన్నాయి. నాన్న పోయాక అమ్మ ఏడాదిలో సగం రోజులు మా దగ్గరే ఉంటుంది. రిమోట్‌తో తనంతట తానే నాన్న పద్యాలు పెట్టుకుని వింటుంది. నేను ఈ సర్వర్ మీద పెట్టిన ప్రతి రూపాయికీ, ప్రతి గంటకూ అదే ఫలితం.

2024 డిసెంబరు 14, శనివారం. అమ్మకి శనివారం ఒక్కపొద్దు. రాత్రి టిఫిన్ తిని, ఎనిమిదింటికి సినిమా పెట్టుకుంది. ఎనిమిదీ నలభై దాటగానే బొమ్మ ఆగి చక్రం తిరగడం మొదలైంది. రెండు నిమిషాల్లో సర్వర్ మళ్ళీ లేచింది. కరెంటు తిరిగి వస్తే దానంతటదే ఆన్ అయ్యేలా బయాస్‌లో (పీసీ మూల సెట్టింగుల్లో) పెట్టుకున్నాను. ఆ సదుపాయం గురించి మా ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పాను కూడా. ఇప్పుడు ఆ మాట కొంచెం సవరించుకుంటాను. దానంతటదే లేస్తుంది కాబట్టి ఎన్నిసార్లు పడిపోయిందో మనకు తెలియదు. మేం నిద్రలో ఉన్నప్పుడు, ఆఫీసుల్లో ఉన్నప్పుడు పడి లేచినవి చాలానే ఉన్నాయని తర్వాత బయటపడింది.

కరెంటు మీద అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. సర్వర్ ఆగిన క్షణంలో ట్యూబులైటు, ఫ్రిజ్, టీవీ అన్నీ బాగానే ఉన్నాయి. వైఫై కూడా పోలేదు. రౌటర్‌కి విడిగా ఒక చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఉంది. పైగా సర్వర్ ఉన్నదే యూపీఎస్ మీద, దాని పచ్చలైటు వెలుగుతూనే ఉంది. కరెంటు సంగతి చూసుకోవడానికే కదా దాన్ని పెట్టింది అనుకుని మిగతావన్నీ అనుమానించాను.

ముందు జెల్లీఫిన్‌ని. వీడియోని మార్చి పంపే పని పీసీ మీద ఎక్కువ పడుతోందేమోనని ఆ పనిని ఇంటెల్ గ్రాఫిక్స్‌కి అప్పగించాను. వేగం పెరిగింది, పడిపోవడం ఆగలేదు. తర్వాత ర్యామ్. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపితే ఒక్క తప్పూ రాలేదు. వేడి చూశాను, 60 డిగ్రీల దగ్గరే ఉంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో పాడైన సెక్టార్లు సున్నా, కేబుల్ తప్పుల లెక్కా సున్నా. ఆఖరికి పీసీ అడాప్టర్ మార్చాను. వాటికి పోయిన డబ్బు కంటే ప్రతిసారీ 'ఇంక బాగైపోయింది' అని అమ్మకు చెప్పి మాట తప్పడం ఎక్కువ బాధపెట్టింది.

జనవరి 11న పడినప్పుడు జెల్లీఫిన్ డేటాబేస్ పాడైంది. వీడియో ఫైళ్ళకేమీ కాలేదు. ఎవరు ఏది ఎంతవరకు చూశారన్న లెక్క మాత్రం మొత్తం పోయింది. జెల్లీఫిన్ ఆ వివరాలన్నీ ఎస్‌క్యూలైట్ అనే రకం డేటాబేస్ ఫైల్లో దాచుకుంటుంది, రాస్తూ ఉండగా కరెంటు తెగితే అది చెడిపోయే ప్రమాదం ఉంది. ఇన్నాళ్ళూ నేను దాన్ని పొగడడమే తప్ప ఈ బలహీనత గురించి ఎవరికీ చెప్పలేదు. ఆ డేటాబేస్ ఉన్న ఫోల్డర్‌ని వారానికోసారి కాపీ తీసి పెట్టుకోండి. నేను ఆ రోజు నుంచే మొదలుపెట్టాను.

లాగ్‌లు, అంటే సర్వర్ తను చేసే పనులు రాసుకునే చిట్టాలు, ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. కిందటిసారి ఆన్ అయినప్పటి (బూట్) లాగ్ చివరి వరుసల్లో తప్పెక్కడుందా అని వెతికేదాన్ని. అక్కడ ఏమీ ఉండేది కాదు. ఏమీ లేకపోవడమే జవాబని నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది. మెమరీ చాలకపోతే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు భాగం) ఏ ప్రోగ్రామ్‌ని చంపిందో రాస్తుంది. మనం షట్‌డౌన్ చేస్తే ఒక్కో సర్వీసు ఆగిన సంగతి వరుసగా రాస్తుంది. సిస్టమ్ బిగుసుకుపోయే ముందు కూడా చాలాసార్లు ఏదో ఒక గోల కనిపిస్తుంది, అలా బిగుసుకుపోతే దానంతటదే లేవదు కూడా. నా లాగ్‌లో మాత్రం మామూలు పనులు రాస్తూ రాస్తూ ఒక వరుస దగ్గర ఆగిపోయి, తర్వాత కొత్త బూట్ మొదలవుతోంది. చెప్పుకునేందుకు పీసీకి క్షణం కూడా దొరకలేదన్నమాట. అలాంటప్పుడు ముందు చూడాల్సింది కరెంటు దారినే.

ఫిబ్రవరి 8న మళ్ళీ పడినప్పుడు అమ్మ అంది: "ఏం పాపా, నా ఒక్కపొద్దు రోజే ఎందుకాగుతుంది ఇది? నిన్న బాగుండె, మొన్న బాగుండె."

అప్పుడు లాగ్‌లు చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో, సర్వర్ ఆన్ అయిన ప్రతిసారి వివరం ఉండే బూట్‌ల జాబితా తీశాను. ఎప్పుడు లేచింది, ఎప్పుడు పోయింది అన్నీ వరుసగా వచ్చాయి. డిసెంబరు 14, 28. జనవరి 11, 25. ఫిబ్రవరి 8. అన్నీ శనివారాలే, వారం విడిచి వారం. అన్నీ రాత్రి 8:41, కాకపోతే 8:42. నాకు ఒళ్ళు జలదరించింది. అంతకు ముందు, అక్టోబరులో బెంగళూరును వానలు ముంచెత్తినప్పుడు పడినవి మాత్రం ఏ లెక్కా లేకుండా ఉన్నాయి.

సర్వర్‌లో టైమ్ ప్రకారం నడిచే పనులన్నీ వెతికాను. రోజువారీవి ఉన్నాయి, వారానికోసారి నడిచేవి ఉన్నాయి. 14 రోజులకోసారి నడిచేది ఒక్కటీ లేదు. చివరికి యూపీఎస్ మాన్యువల్ దించుకుని చదివితే అందులో ఉంది: ఆన్ చేసినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ప్రతి 14 రోజులకోసారి, తన బ్యాటరీని తానే పరీక్షించుకుంటుందట. ఆ కొన్ని క్షణాలు లోడును, అంటే దానికి తగిలించిన వాటిని, కావాలనే బ్యాటరీ మీదికి మారుస్తుంది. బ్యాటరీ బాగుంటే మనకు తెలియనే తెలియదు. చచ్చిపోయి ఉంటే లోడు పడిపోతుంది.

నవంబరు 30, శనివారం. కార్తీకం అయిపోగానే అమ్మ వస్తోందని హాలు సర్ది, యూపీఎస్‌ని టీవీ కింద అల్మారాలోకి మార్చి, రాత్రి వంట మొదలుపెట్టే ముందు ఆన్ చేసింది నేనే. లెక్క అక్కడి నుంచి మొదలైంది. చలికాలంలో మా వీధిలో కరెంటు పోలేదు కాబట్టి ఆ లెక్క చెదరలేదు. వానల్లో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది మళ్ళీ మొదటికొచ్చేది. అందుకే అక్టోబరులో వరుస కనపడలేదు.

అయినా ఊహను నమ్మదలచుకోలేదు. ఫిబ్రవరి 22 శనివారం, సర్వర్‌ని నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టాను. యూపీఎస్‌కి సర్వర్ బదులు 40 వాట్ల గుండు బల్బు తగిలించాను. అమ్మ సినిమా పెట్టుకుంది కానీ టీవీ చూడలేదు, నాతో పాటు బల్బునే చూస్తూ కూర్చుంది. మా ఆయన ఫోన్లో టైమ్ చదువుతున్నారు. 8:41 దాటిన కాసేపటికి అల్మారాలో టక్‌మని శబ్దం వచ్చింది. బల్బు ఆరిపోయి, మళ్ళీ వెలిగింది. టీవీలో సినిమా ఆగలేదు. అమ్మ చప్పట్లు కొట్టింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కంచే చేను మేసిందంటే ఇదే. మరునాడు మూత విప్పితే బ్యాటరీల మీద 2020 అని ఉంది. నేను 2022లో కొన్నప్పుడు కొత్త బ్యాటరీలు వేశామని చెప్పారు. సోమవారం వాటిని వేరే దుకాణానికి పట్టుకెళ్ళాను. మీటర్ పెడితే ఒక్కోటి 12.8 వోల్టులు చూపించింది, నిక్షేపంగా ఉన్నట్టే. ఆ దుకాణదారు కారు హెడ్‌లైట్ బల్బు ఒకటి తగిలించగానే ముల్లు 8 దగ్గరికి జారిపోయింది. "చూశారా మేడమ్, ఊరికే ఉంటే ఫుల్లు, పని చెప్తే నిల్లు" అన్నాడాయన తెలుగులోనే. రెండు 7 ఏహెచ్ బ్యాటరీలు, పాతవి వాళ్ళకే ఇచ్చేయగా 2,100 రూపాయలయ్యాయి.

బ్యాటరీ మార్చమని చెప్పే ఎర్రలైటు ఒకటుందని, అది కూడా వెలిగే ఉందని అప్పుడు చూశాను. మూసిన అల్మారాలో, డిస్కు వెనక దాగిపోయింది. అప్పుడప్పుడు వినపడిన కీచుమనే శబ్దాన్ని పైఇంటి వాళ్ళ ట్యాంకు అలారం అనుకున్నాం. తప్పు నా అమరికలోనూ ఉందని ఒప్పుకుంటాను. కానీ బ్యాటరీ పనికిరాదని తెలిసిన యంత్రం, రెండు వారాల తర్వాత మళ్ళీ అదే బ్యాటరీ మీదికి లోడు మార్చడం, పక్కన పచ్చలైటు అలాగే వెలిగించుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఫిబ్రవరి నుంచి ఇప్పటిదాకా బూట్‌ల జాబితాలో నేను చేసిన రీబూట్లు తప్ప ఒక్కటీ లేదు. యూపీఎస్‌ని అల్మారాలోంచి తీసి గాలి ఆడే చోట పెట్టాను. ఈ లెడ్ యాసిడ్ బ్యాటరీలకు వేడి పడదు. డేటా కేబుల్ కూడా కొని సర్వర్‌కి కలిపాను, పరీక్ష ఫలితం నా ఫోన్‌కే వస్తుంది.

మీరూ ఇలాంటిది పెట్టుకోవచ్చా అంటే, నా ఉద్యోగం లైనక్స్ మీదే కాబట్టి నాకు కుదిరింది. ఇంట్లో అడిగి చూసుకునేవాళ్ళు లేకపోతే, సినిమాల కోసం మాత్రమే అయితే, ఇంత శ్రమ వద్దంటాను. నాన్న పద్యాల్లాంటివి మీ దగ్గర ఉంటే మాత్రం పెట్టుకోండి. యూపీఎస్ పాతది కొన్నా బ్యాటరీలు మొదటి రోజే మార్చండి, మార్చిన తేదీ మార్కర్‌తో పైన రాయండి. మాదాని మీద తేదీ అమ్మ రాసింది, తెలుగు అంకెల్లో.