ఎంబీటీఐ చూసి ఉద్యోగం ఎంచుకోవచ్చా? చాలాకాలం వాడాక నా మాట

ఎంబీటీఐ అంటే మన స్వభావపు మొగ్గును నాలుగు జతల్లో చూసి, జతకొక అక్షరం చొప్పున నాలుగక్షరాల ‘టైప్’గా చెప్పే పరీక్ష. దాని రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్లూ ఆ నాలుగక్షరాల మీదే పడతాయి. నిజానికి పనికొచ్చేవి పక్కనుండే అంకెలు. ఈ పరీక్ష రూపాల్లో ఒకటైన ఫారం ఎంలో 93 ప్రశ్నలుంటాయి. ఒక్కో అక్షరం వైపు మన మొగ్గు ఎంత స్పష్టంగా ఉందో 30కి లెక్కగట్టి ఇస్తారు. 5 దాకా ఉంటే స్వల్పం, 16 నుంచి స్పష్టం, 26 నుంచి చాలా స్పష్టం. ‘ఐ’ (అంతర్ముఖత)లో 28 వచ్చినవాళ్లూ, 3 వచ్చినవాళ్లూ రిపోర్టు ప్రకారం ఒకే గూటివాళ్లు! 3 వచ్చినవాళ్లు ఒకటి రెండు జవాబులు మార్చినా చాలు, రేపు ‘ఈ’ (బహిర్ముఖత) అయిపోతారు. రెండోసారి రాస్తే టైప్ మారిపోయిందని వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. స్కోర్లు ఎక్కువగా పడేది మధ్యలో, రెండక్షరాలను విడదీసే గీత గీసిందీ అక్కడే.

అందుకని 5 లోపు వచ్చిన అక్షరాన్ని కొట్టేసి, దాని చోట ఎక్స్ పెట్టుకుంటాను. కొన్ని వారాలు ఆగి, పాత ఫలితం చూడకుండా మళ్లీ రాస్తే ఏది నిలుస్తుందో తేలుతుంది. జే-పీ (ముందే ప్రణాళిక వేసుకోవడమా, అప్పటికప్పుడు చూసుకోవడమా) దగ్గర మరీ జాగ్రత్త. గడువుల మధ్య నలిగేవాళ్లు ఆఫీసు అలవాటు కొద్దీ జవాబులిచ్చి ‘జే’ తెచ్చుకుంటారు. పని ఒత్తిడి ఉన్న వారంలో రాయకపోవడమే మంచిది.

ఇక ‘మీ టైప్‌కు తగిన ఉద్యోగాలు’ అన్న పట్టిక. రిపోర్టులో అన్నిటికన్నా బలహీనమైనది ఇదే. ఈ పరీక్ష అడిగేది మొగ్గు గురించి; నైపుణ్యం సంగతి దానికి తెలియదు. ఉద్యోగులను ఎంపిక చేయడానికి దీన్ని వాడొద్దని ప్రచురణకర్తలే చెబుతారు. ‘ఎఫ్’ (ఫీలింగ్) వచ్చింది కదా, లెక్కల పని మనకు పడదనుకోవడం ఉత్త అపోహ. టీ-ఎఫ్ చూసేది నిర్ణయం తీసుకునేటప్పుడు తర్కానికా, మనుషులకూ విలువలకా, దేనికి బరువిస్తామన్నది మాత్రమే.

పైగా ఉద్యోగం పేరును బట్టి పని తెలియదు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లలోనే ఒకరు రోజంతా క్లయింట్లతో మాట్లాడుతుంటే, ఇంకొకరు ఒంటరిగా కోడ్ చదువుతుంటారు. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లనే ఒక వారం లెక్క అడగండి: ఒంటరిగా ఎన్ని గంటలు, మీటింగుల్లో ఎన్ని, చేతిలో పని వదిలేసి వేరేదానికి ఎన్నిసార్లు మళ్లాల్సొస్తుంది? దాన్ని 16, ఆపైన వచ్చిన అక్షరాలతోనే పోల్చండి.

ఏ రంగమన్నదే తేలనివాళ్లు పనుల మీది ఆసక్తిని ఆరు రకాలుగా చూసే హాలండ్ కోడ్‌తో మొదలుపెట్టడం మేలు. ఆ కోడ్ తేల్చే అమెరికా కార్మిక శాఖవారి ఓనెట్ ఇంటరెస్ట్ ప్రొఫైలర్ ఉచితం. చిన్న రూపంలో 60 ప్రశ్నలే. ఫలానా పని చేయడం ఇష్టమేనా అని సూటిగా అడుగుతుంది. రంగం తేలాక, అందులో ఎలాంటి చోటు నప్పుతుందో చూడటానికి ఎంబీటీఐ అక్కరకొస్తుంది.

ఒత్తిడికి ఎంత త్వరగా కంగారుపడతామన్నది మాత్రం ఈ నాలుగక్షరాల్లో ఎక్కడా లేదు. అత్యవసర సేవల్లాంటి ఉద్యోగాలకు అదే ముఖ్యం కాబట్టి, అటు వెళ్లేవాళ్లు ఐదు స్వభావ లక్షణాలను కొలిచే బిగ్ ఫైవ్ పరీక్ష కూడా రాసి, అందులో న్యూరోటిసిజం (ఆందోళనకు లోనయ్యే ధోరణి) స్కోరు చూసుకోవాలి.