రోజుకో అధ్యాయం: ఐదేళ్లు పాటించాక

పెద్ద క్లాసిక్ నవలలు చదవాలన్న కోరిక నాకు ఎప్పటినుంచో ఉంది. ఒకసారి వంద పుస్తకాల పట్టిక రాసుకుని, నెలకు రెండు చొప్పున మొదలుపెట్టాను. మూడో నెలకే ఆగిపోయింది. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు చూసుకునే మనిషికి నెలకు రెండు లావుపాటి పుస్తకాలు కుదరవు. పట్టిక కంటపడినప్పుడల్లా టెన్షన్ పెరగడం తప్ప చదువు సాగలేదు. అప్పుడే రోజుకో అధ్యాయం పద్ధతికి మారాను. ఇది ఐదో ఏడు. ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ చెయ్యలేదో నా అనుభవంలోంచి చెప్తాను.

మొదట టాల్‌స్టాయ్ ‘యుద్ధం–శాంతి’ తీసుకున్నాను. దానికి కారణం లెక్కే. అందులో 361 అధ్యాయాలు. రోజుకొకటి చదివితే ఏడాదికి నాలుగు రోజులు మిగులుతాయి. పుస్తకం లావు చూసి వెనక్కి తగ్గేవాళ్లు గమనించని విషయం ఒకటుంది, అందులో అధ్యాయాలు చాలా చిన్నవి. ఎక్కువ వాటికి పది పదిహేను నిమిషాలు చాలు.

కష్టమంతా మొదటి మూడు వారాలే. కథ 1805 జులైలో ఒక విందు సాయంత్రంతో మొదలవుతుంది. ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉంటారు, ఎవరు ఎవరో గుర్తుండదు. పైగా రష్యన్ పేర్ల ఇబ్బంది. పియేర్ అన్నా ప్యోతర్ కిరీలొవిచ్ అన్నా ఒకడే. నటాషానే నటాల్యా కూడా. ఒక కాగితాన్ని సగానికి మడిచి, పేరు పక్కన ఒక్క గుర్తు చొప్పున రాసుకుని, దాన్నే పేజీ గుర్తుగా పెట్టుకున్నాను. నలభయ్యో అధ్యాయం వచ్చేసరికి ఆ కాగితం వైపు చూడాల్సిన పని లేకపోయింది. ఈ పద్ధతిలో ఒక్క చిట్కానే తీసుకుంటానంటే ఇదే తీసుకోమంటాను.

అసలు లాభం మాత్రం నాకు ఓక్ చెట్టు దగ్గర తెలిసింది. ఆండ్రీ అనే ప్రిన్సు వసంతకాలంలో బండిలో వెళ్తూ, చిగురు వెయ్యని ముసలి ఓక్ చెట్టును చూస్తాడు. తన బతుకూ అంతే, అయిపోయింది అనుకుంటాడు. మధ్యలో ఒక అధ్యాయం, ఒక వెన్నెల రాత్రి. ఆ తర్వాతి అధ్యాయంలో అదే దారిన తిరిగి వస్తుంటే చెట్టు నిండా ఆకులు. పుస్తకంలో వీటి మధ్య కొద్ది పేజీలే. ఏకబిగిన చదివేస్తే ‘బాగుంది’ అనుకుని ముందుకు పోతాం. నేను మాత్రం ఆ మోడు చెట్టుతో రెండు రోజులు తిరిగాను. ఆఫీసులో ఉన్నా, అన్నం తింటున్నా అది మనసులోనే ఉంది. మూడో రోజు పచ్చటి చెట్టు కనబడగానే కళ్లు తడిశాయి. ఈ పద్ధతిలో మనం చదివేది పావుగంట. పుస్తకం మనలో పనిచేసేది మిగతా రోజంతా.

మానేసిన రోజుల సంగతీ చెప్పాలి. ఒకసారి జ్వరంతో తొమ్మిది రోజులు పుస్తకం ముట్టలేదు. లేచాక ఒక ఆదివారం కూర్చుని బాకీ అంతా తీర్చేశాను. ఆ తొమ్మిది అధ్యాయాల్లో ఒక్కటీ బుర్రకెక్కలేదు, మళ్లీ చదవాల్సి వచ్చింది. అప్పటినుంచి బాకీ తీర్చడం మానేశాను. ఎక్కడ ఆగితే అక్కడినుంచే. నవల ఏడాదికి బదులు ఏడాది మీద ఐదు వారాలు పట్టింది, అంతే. చివరి పన్నెండు అధ్యాయాల్లో పాత్రలు ఉండవు. చరిత్రను నడిపేది ఎవరు, మనిషికి స్వేచ్ఛ ఎంత అన్న చర్చే. అక్కడ మాత్రం రోజుకొకటే అన్న నియమమే నన్ను గట్టెక్కించింది.

అనువాదం ఎంచుకునేటప్పుడు ఒక మాట. ఈ నవలలో ఫ్రెంచి సంభాషణలు చాలా ఉన్నాయి. మాడ్ దంపతుల పాత ఇంగ్లిష్ అనువాదంలో అవి దాదాపుగా ఇంగ్లిష్‌లోకే వచ్చేశాయి. 2007లో వచ్చిన పెవియర్, వొలొఖోన్‌స్కీల అనువాదం ఫ్రెంచిని అలాగే ఉంచి, అర్థం పేజీ అడుగున ఇస్తుంది. మూలానికి దగ్గరగా ఉండేది రెండోదే. కానీ ఫోనులో చదివేవాళ్లకు ప్రతి మాటకీ కిందికి పోయి రావడం విసుగు. నేను పాతదే చదివాను, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఏ అనువాదమైనా ముందుమాటను మాత్రం చివర్లో చదవండి. చాలా ముందుమాటలు కథ మొత్తం చెప్పేస్తాయి.

రెండో ఏడాది మెల్విల్ ‘మోబీ డిక్’. 135 అధ్యాయాలు, చివర ఒక ఉపసంహారం. ఇక్కడ నా కొలత పనిచెయ్యలేదు. 122వ అధ్యాయం నాలుగైదు వాక్యాలే. తిమింగలాల రకాలు చెప్పే 32వ అధ్యాయానికి ఒక సాయంత్రం సరిపోలేదు. అందుకని అధ్యాయం లెక్క వదిలేసి రోజుకు ఇరవై నిమిషాలు అనుకున్నాను. అలాగే ముగిసింది.

నాకు అన్నిటికన్నా దగ్గరైన పుస్తకం జార్జ్ ఇలియట్ ‘మిడిల్‌మార్చ్’. 1871 డిసెంబరు నుంచి ఏడాదిపాటు అది ఎనిమిది భాగాలుగా వెలువడింది. నేనూ నెలకో భాగం చొప్పున ఎనిమిది నెలలు చదివాను. అధ్యాయాలు నిడివైనవి కాబట్టి ఒక్కోదానికి రెండు మూడు రోజులు ఇచ్చాను. ఇరవైల్లో దీన్ని చదివి ఉంటే డొరొతియా పక్షాన నిలబడి, ఆమె ముసలి భర్త కసోబన్‌ను అసహ్యించుకుని ఊరుకునేదాన్ని. కానీ 29వ అధ్యాయం మొదట్లోనే రచయిత్రి వాక్యం మధ్యలో ఆగి, ఎప్పుడూ డొరొతియా వైపు నుంచే ఎందుకు చూడాలి అని అడుగుతుంది. తర్వాత కసోబన్ భయం, తన పుస్తకం పూర్తికాదేమోనన్న దిగులు మన ముందు పెడుతుంది. నలభై దాటాక ఆ పేజీ చదవడం వేరు. ‘ఈ వయసులో క్లాసిక్స్ ఏమిటి, ఆలస్యమైపోయింది కదా’ అనేవాళ్లకు నేను ఈ అధ్యాయమే చూపిస్తాను.

ఈ పద్ధతి పూర్తిగా విఫలమైంది దోస్తోయెవ్‌స్కీ దగ్గర. ‘నేరము–శిక్ష’ మొదటి భాగం ఏడో అధ్యాయంలో హత్య జరుగుతుంది. నియమం ప్రకారం ఆ రాత్రి అక్కడ పుస్తకం మూసేశాను. మర్నాడంతా ఏ పని మీదా మనసు నిలవలేదు. సాయంత్రం కూర్చుని రెండు గంటలు చదివి, తొమ్మిది రోజుల్లో ముగించాను. 1866లో ఇది ‘రష్యన్ మెసెంజర్’ పత్రికలో నెలనెలా వచ్చింది. అప్పటి పాఠకులు తర్వాతి భాగం కోసం నెల ఆగారు. ఎలా ఆగారో! ఊపిరి సలపనివ్వని పుస్తకాన్ని ముక్కలు చేసి చదవడం దానికి అన్యాయం చేసినట్టే అని నాకు గట్టిగా అనిపించింది.

హ్యూగో ‘లే మిజరబుల్’లో సరిగ్గా 365 అధ్యాయాలు. అది చూసి ఆశపడి మొదలుపెట్టాను గానీ, వాటర్లూ యుద్ధం దగ్గర చాలామంది పందొమ్మిది అధ్యాయాలు దాటేయమంటారు. దాటకండి. వాటిలో చివరి అధ్యాయంలో ఒకడు రాత్రిపూట శవాల జేబులు తడుముతుంటాడు, ఆ సంఘటన వందల పేజీల తర్వాత కథను మలుపు తిప్పుతుంది. పారిస్ మురుగు కాలువల చరిత్ర కూడా నాకు బరువనిపించలేదు, రోజుకు ఒక చిన్న అధ్యాయమే కదా.

ఈ పద్ధతికి నేను ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గిన ఒక్కటీ దోస్తోయెవ్‌స్కీ వల్లే. తర్వాత చదవబోయేది ఆయన ‘కరమజోవ్ సోదరులు’. అందులో పన్నెండు భాగాలు, ఒక ఉపసంహారం. ఈసారి రోజుకో అధ్యాయం కాదు. వారాంతానికో భాగం, తలుపు వేసుకుని, మూడేసి గంటలు. పేర్ల కాగితం ఇప్పటికే మడిచి పుస్తకంలో పెట్టాను.