సరిహద్దుకు వెళ్లాలంటే: అగ్నివీరా, బీఎస్‌ఎఫ్ కానిస్టేబులా?

ఇంటర్ అయ్యాక తెల్లవారుజామునే గ్రౌండ్‌లో పరుగెత్తే కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది.

కాలం: అగ్నివీర్ అంటే ఆర్మీలో నాలుగేళ్ల కొలువు. ఆ తర్వాత బ్యాచ్‌లో 25 శాతం వరకే రెగ్యులర్ అవుతారు. బీఎస్‌ఎఫ్ (సరిహద్దు భద్రతా దళం)లో 60 ఏళ్లు వచ్చేదాకా ఉద్యోగం.

డబ్బు: అగ్నివీర్‌కి మొదటి ఏడాది నెలకు 30,000, చేతికొచ్చేది 21,000. మిగతాది సేవానిధికి, అంటే చివర్లో చేతికిచ్చే పొదుపు నిధికి పోతుంది. బయటికొచ్చేటప్పుడు దాదాపు 11.71 లక్షలు ఇస్తారు, పెన్షన్ ఉండదు. బీఎస్‌ఎఫ్‌లో ఏడో వేతన సంఘం లెక్కన మూలవేతనం 21,700తో మొదలు, అలవెన్సులు అదనం.

పోస్టు: అసలు తేడా ఇక్కడుంది. ఆర్మీ అంటే నియంత్రణ రేఖ, లడఖ్, రాసిపెట్టి ఉంటే సియాచిన్. అక్కడ చలి మైనస్ 50 దాకా పోతుంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. శత్రువు కంటే మంచుచరియల భయమే ఎక్కువ. బీఎస్‌ఎఫ్ అంటే ఎక్కువగా పాకిస్తాన్, బంగ్లాదేశ్ సరిహద్దులు: థార్‌లో ఒంటెల మీద గస్తీ, కళ్లలో ఇసుక, సుందర్బన్స్‌లో నీళ్ల మీద తేలే పోస్టు, బెంగాల్ వైపు రాత్రిళ్లు స్మగ్లర్ల టెన్షన్. మనవాళ్లకు ఎండ కొత్తేం కాదు, చలితోనే ఇబ్బంది.

ఇల్లు: అగ్నివీర్‌కి ఏడాదికి 30 రోజుల సెలవు. బీఎస్‌ఎఫ్‌లో ఎక్కువే, కానీ ఈ ఎడబాటు దశాబ్దాల పాటు సాగుతుంది.

పద్దెనిమిదేళ్లవాడు, ఇంటి భారం లేనివాడు అగ్నివీర్‌కి వెళ్లొచ్చు. తర్వాత బీఎస్‌ఎఫ్‌లో మాజీ అగ్నివీర్లకు కోటా ఉంది. ఇంటిల్లిపాదీ జీతం మీదే బతకాలంటే మాత్రం నేరుగా బీఎస్‌ఎఫ్‌కే వెళ్లమంటాను. ఆ రాతపరీక్ష ఇప్పుడు తెలుగులోనూ రాయొచ్చు.