శరణార్థి పత్రమా, భారత పాస్‌పోర్టా?

1959 తర్వాత టిబెట్ నుంచి వచ్చి కర్ణాటకలోని బైలకుప్పె వంటి చోట్ల స్థిరపడిన కుటుంబాల్లో ఈ ప్రశ్న తరచూ వస్తుంది. విదేశీయుల నమోదు పత్రాన్ని గడువు తీరినప్పుడల్లా పొడిగించుకుంటూ, పాస్‌పోర్టు బదులు పసుపు అట్ట గుర్తింపు పుస్తకంతో ప్రయాణిస్తూ శరణార్థిగానే ఉండటం ఒక దారి. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు ఇక్కడ పుట్టినవారికి చట్టం ఇచ్చిన భారత పౌరసత్వాన్ని వాడుకోవడం రెండోది. ఓటు, ఉద్యోగం దృష్ట్యా రెండోదే మేలు. కానీ 2017 నాటి నిబంధనలు, పాస్‌పోర్టు కోరేవారు నమోదు పత్రం అప్పగించి టిబెటన్ కాలనీ బయట నివసించాలన్నాయి. తల్లిదండ్రులు కట్టుకున్న ఇంటిని వదలమనడం అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం. ధర్మశాలలోని ప్రవాస టిబెట్ పరిపాలనకు ఏటా చందా కట్టి ఆకుపచ్చ పుస్తకంలో నమోదు చేయించుకునే పెద్దలకు శరణార్థి హోదాయే స్వదేశంపై హక్కుకు సాక్ష్యం. 1987 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి, తల్లిదండ్రుల్లో ఎవరూ భారత పౌరులు కానివారికి జన్మహక్కుగా వచ్చే ఆ రెండో దారి అసలు లేదు.